రెండో భాగానికి రెండుంపావు

"సార్, బొమ్మ వేసేశాను. పేర్లు పడుతున్నాయి" అన్నాడు ప్రివ్యూ థియేటర్ ఆపరేటర్, తలుపు తీసి.

"పడనీవయ్యా. పేర్లు చదవడానికి నేనేమన్నా హాజరు పిలిచే పంతుల్నా?" అంటూ రెండుంపావు గారు తాపీగా కాఫీ చప్పరించారు.

అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. ఏ సినిమాకైనా ఐదుకి రెండుంపావు మార్కులే వేస్తారని పత్రికాఫీసులో అందరూ ఆయన్నలా పిలుస్తారు. బాగుందంటే నిర్మాత దగ్గర తిన్నాడంటారు. బాగాలేదంటే హీరో అభిమానులు ఇంటిమీదికొస్తారు. రెండుంపావు వేస్తే ఎవరూ రారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ కాలమ్ ఆయనదే.

ఒకే ఒక్కసారి చెయ్యి జారి మూడున్నర వేశారు. ఐదేళ్ళ కిందట వచ్చిన ఓ హత్య సినిమాకి. 'హంతకుడెవరో తెలిసేసరికి ముచ్చెమటలు పట్టాయి. ఇది కళ్ళారా చూడాల్సిందే తప్ప ఒకరు చెబితే వినాల్సింది కాదు' అని రాశారు. ఆ సినిమా విడుదలైన రోజు పొద్దునే ఆయనకు జ్ఞానదంతం పీకారు. చెంప బంతిలా వాచింది. అయినా సాయంత్రానికల్లా రివ్యూ ఇచ్చేశారు. ఆ వీరగాథ ఇప్పటికీ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి చెబుతుంటారు. చెప్పేది ఎక్కువగా ఆయనే.

ఇప్పుడు ఆ సినిమాకి రెండో భాగం వచ్చింది. విడుదలకు రెండు రోజుల ముందే, ఆయనొక్కడి కోసం వేయించాడు పత్రిక ఎడిటర్. ఉత్తినే వేయించలేదు.

"లోపల ఏముంటుందో మీ రివ్యూ చదవకుండానే చెప్పేస్తున్నారండీ జనం. ఈసారి రెండు భాగాలూ పక్కపక్కన పెట్టి, బలాలేంటో బలహీనతలేంటో విడమరిచి రాయండి. అందరికంటే ముందు మనదే రావాలి. లేదంటే ఆ చోటు పదకేళికి ఇచ్చేస్తాను" అన్నాడు.

ఆ మాట ఆయనకు ములుకులా గుచ్చుకుంది. పద్దెనిమిదేళ్ళ ఏలుబడి పోయి, ఆ జాగాలో అడ్డం నిలువు గళ్ళు రావడమా!

కాఫీ పూర్తిచేసి లోపలికెళ్ళి కూర్చున్నారు.

సగం రివ్యూ ముందే రాసుకుని రావడం ఆయన పద్ధతి. తీర్పు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, సినిమా సాక్ష్యాల కోసమే. 'మొదటి భాగమంత లేదు' అన్న వాక్యం నిన్ననే రాసిపెట్టుకున్నారు. ఏమేం లేవో చూసుకోవడమే మిగిలింది. చీకట్లో పెన్ను గీకుతూ రెండు గంటలూ కదలకుండా కూర్చున్నారు. తెరమీద శవం పడ్డప్పుడు కూడా తల పంకించారంతే. చివర్లో పేర్లు పడకముందే లేచి వచ్చేశారు.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోగానే భార్య వచ్చి పక్కన నిలబడింది. హత్య సినిమాలంటే ఆవిడకు ప్రాణం. మొదటి భాగాన్ని తొలిరోజే అక్కగారితో కలిసి చూసొచ్చింది.

"హంతకుడెవరండీ?"

"ఎల్లుండి నువ్వే చూస్తావుగా."

"నా దగ్గర కూడా దాపరికమేనా?"

"గడియారాలు బాగుచేసే ముసలాయన."

ఆవిడ మొహం వాడిపోయింది. "మళ్ళీ ఆయనేనా! అందులోనూ ఆయనే కదండీ."

ఒక్క క్షణం ఆయన వేళ్ళు ఆగాయి. మరుక్షణం మొహం వెలిగింది.

"అదే కదా నేను మొత్తుకునేది! రెండో భాగమంటే పాత గోడకి కొత్త సున్నం. హంతకుణ్ణి మార్చే ఓపిక కూడా లేదు ఆ దర్శక మహానుభావుడికి" అంటూ బలహీనతల్లో ఇంకోటి చేర్చారు.

మధ్యాహ్నానికల్లా రివ్యూ పత్రిక వెబ్‌సైట్‌లోకి ఎక్కింది. శీర్షిక, 'ఇది మొదటి భాగం కాలిగోటికి సరిపోదు'.

బలాలు ఒకటిన్నర లైను. వాన సీను బాగుంది, నిడివి తక్కువ. బలహీనతలు మాత్రం చాంతాడంత.

'మొదటి భాగంలో ఉరకలేసిన హీరో మొహంలో ఈ ఐదేళ్ళ వయసూ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఆ కెమెరా పనితనం ఏది? ఆ సంగీతం ఏది? అందులో ప్రతి మలుపూ ఉలిక్కిపడేలా చేస్తే, ఇందులో ప్రతి మలుపూ ఆవులింత తెప్పిస్తుంది. దర్శకుడు ఒకసారి తీరిగ్గా కూర్చుని తన మొదటి భాగం తానే చూసుకుంటే మంచిది. రేటింగ్: 2.25'

గంట తిరక్కుండా ఎడిటర్ ఫోన్ చేశాడు.

"అదరగొట్టారండీ! రెండూ పక్కపక్కన పెట్టి ఉతికి ఆరేశారు. జనం ఎగబడి చదువుతున్నారు. కాలమ్ మీదే, ఇంకో పద్దెనిమిదేళ్ళు ఢోకా లేదు. పదకేళిని వాతావరణం పక్కన సర్దేస్తాను."

రెండుంపావు గారికి కళ్ళు చెమర్చాయి. పోయిందనుకున్న ప్రాణం లేచొచ్చింది. భార్యని కేకేసి ఇంకో కాఫీ అడిగారు.

కాఫీ రాకముందే మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి ప్రివ్యూ థియేటర్ ఆపరేటర్.

"సార్, తప్పు నాదే, పొద్దున పొరపాటున మొదటి భాగం వేసేశాను, మీరు కిక్కురుమనకుండా రాసుకుంటుంటే పోల్చడానికి మళ్ళీ చూస్తున్నారేమో అనుకుని ఆపలేదు, మరి రెండో భాగం ఎప్పుడు వేయమంటారు?"