దర్జీపిట్ట పత్రిక

మడుగు ఒడ్డున ఒక దర్జీపిట్ట ఉండేది. అందరి పాటలూ ఆకుల మీద ముక్కుతో గీసి, ఆ ఆకుల్ని కలిపి కుట్టి పత్రిక నడపాలని దానికి తెగ ముచ్చట.

మొదటి సంచిక రాగానే కప్ప తన పాట ఉన్న ఆకు మాత్రం చూసి మురిసిపోయింది. కీచురాయీ తన ఆకే చూసుకుని, పత్రికని ఒడ్డున పడేసి పోయింది. రెండో సంచికలో తన పాట చివర్న వేశారని కొంగ అలిగింది. మూడోదాన్ని తిరగేసిన వాళ్లే లేరు. పిట్టకి మనసు విరిగింది. మిగిలిన రెండు సంచికలూ విప్పి, ఆ ఆకులతోనే గూడు కుట్టుకుని గుడ్లు పెట్టుకుంది.

ఒకనాడు ముసలి తాబేలు ఈడ్చుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్, ఒడ్డున దొరికిన నీ మొదటి సంచిక చదవడం ఇవాళ్టికి పూర్తయింది. కీచురాయి పాట దగ్గర చాన్నాళ్లు ఆగిపోయాననుకో. రెండోది ఉందా?"

"పత్రిక ఆగిపోయింది తాతా. రెండూ మూడూ ఇదిగో, నా గూడైపోయాయి."

తాబేలు మెడ సాచి గూటికేసి చూసింది.

"పిల్లలు ఎగిరిపోయాకే ఇద్దువుగానిలే. నేను చదవాల్సినవి ఇంకా రెండున్నాయి. అప్పుడే ఆగిపోయిందంటావేం?"

ఆ రోజు నుంచి పిట్ట గూట్లో ఒద్దిగ్గా కూర్చోవడం మొదలెట్టింది, అక్షరాలు చెరిగిపోకుండా.