తెగిన తీగ

2071 మార్చి ఎనిమిదో తేదీ, విశాఖపట్నం. హాజరైనవారు: రిటైర్డు లెక్చరర్ పురుషోత్తం, ఆయన అక్క హైమవతి, ఇంటి శబ్దాలను సరిచేసే కంపెనీ మెకానిక్కు సన్యాసినాయుడు.

మర్నాడు హైమవతికి కృత్రిమ చెవులు అమరుస్తారు. అవి కూడా ఈ ఇంటి గోడల్లో అమర్చిన యంత్రాల్లాగే ప్రతి ధ్వనినీ చక్కదిద్ది మరీ వినిపిస్తాయి. అందుకే ఈ ఒక్కపూటైనా పాతకాలపు గిటారు విద్వాంసుడు డెరిక్ పింటో కచేరీ రికార్డును ఉన్నదున్నట్టు వినాలని ఆమె పట్టు. వయసులో ఉన్నప్పుడు ఆమె ముందు వరసలో నిలబడి విన్న కచేరీ అది. వాయిస్తుండగా తీగ తెగింది. మిగిలిన ఐదింటినీ వంచి, లాగి, తెగినదాని స్వరాన్ని పింటో వాటిచేతే పలికించాడు. ఆ రికార్డు పెట్టిన ప్రతిసారీ ఈ ఇల్లు ఆ తీగను అతికించేస్తోంది. పురుషోత్తానికి ఉదయం నుంచీ ఒళ్లు మండిపోతోంది.

“దిద్దుబాటు ఆపడానికి ఇంత ఆలోచనేమిటయ్యా?”

“పాడైన సౌండు వినిపిస్తే నా ఉద్యోగం పోద్ది బాబూ. ‘ధ్వనిలో లోపం ఉందని తెలిసే విన్నాను’ అని కాయితం మీద సంతకం ఎట్టాలి.”

“పింటో వాయించినదాంట్లో లోపమని రాసివ్వాలా? చెయ్యి పడిపోదూ!”

“ఒరేయ్, నన్ను ముందు విననీ. తర్వాత తీరిగ్గా తిట్టుకుందువు గాని. నేను పెడతాలేవయ్యా సంతకం,” అంది హైమవతి.

సన్యాసినాయుడు దిద్దుబాటు ఆపి రికార్డు పెట్టాడు. కాసేపటికి తీగ ఫెళ్లున తెగింది. అతను ఉలిక్కిపడి మీట మీద చెయ్యి వేశాడు.

“ముట్టుకున్నావంటే చూడు! అసలు వాయించడం ఇప్పుడే కదా మొదలైంది!” అని కసిరాడు పురుషోత్తం.

ఐదు తీగలూ ఆరోదాన్ని వెతుక్కుంటూ పైకి పాకాయి. కాస్త తప్పి, మెల్లగా అందుకున్నాయి. సన్యాసినాయుడి చెయ్యి దానంతటదే కిందికి జారింది.

పాట ముగిశాక హైమవతి కాగితంలో ‘లోపం’ అన్న మాట కొట్టేసి, పైన ‘విద్య’ అని రాసి, సంతకం చేసింది.

“ఇది ఆఫీసులో సెల్లదమ్మా,” అని గొణుగుతూనే సన్యాసినాయుడు దాన్ని మడిచి, కంపెనీ సంచిలో కాక, తన చొక్కా జేబులో దాచుకున్నాడు.