ఇంటి పెత్తనం, సేజ్ మొక్క

రూబెన్ కత్తెర పట్టుకుని తోటలోకి దిగడం చూసి పక్కింటివాళ్ళు పని మానుకుని మరీ బయటికొచ్చారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆ తోటలోకి వెళ్ళింది గాలికి ఎగిరిపోయిన టోపీ కోసం ఒక్కసారే.

"తోటపని ఆడవాళ్ళది, చర్చి గంటలు మోగించడం మగవాళ్ళది" అనేవాడు. నిజానికి మనిషికి ఒళ్ళు వంగదు, అంతే. వసంతకాలంలో భార్య డోర్కాస్ మెట్ల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పినా ఆ చేతికి కత్తెర పట్టు చిక్కలేదు. అప్పుడు బతిమాలినా అదే మాట అన్నాడు.

అలాంటివాణ్ణి తోటలోకి దింపింది, వంటలో వాసనకి వేసే సేజ్ అనే ఆకుమొక్క గురించి పబ్బులో పడిన ఒక మాట.

మా ఊరి చర్చి గంటలు మోగించే జట్టు నాయకుడు వయసైపోయి తప్పుకుంటున్నాడు. ఆ పదవి మీద రూబెన్‌కి కుర్రతనం నుంచీ ఆశ. సెప్టెంబరు చివర్లో జట్టువాళ్ళు చేతులెత్తి ఎన్నుకుంటారు. సైలస్ అనేవాడు పోటీకి దిగాడు.

సరిగ్గా అప్పుడే పబ్బు యజమాని ఏమోస్ గ్లాసులు తుడుస్తూ నోరు విప్పాడు.

"మీ సేజ్ మొక్క గోడ మీంచి తొంగిచూస్తోందటగా రూబెన్. ఇంక మీ ఇంట్లో పెత్తనం ఎవరిదో అడగక్కర్లేదు."

"అదేం మాటరా?"

"పాతకాలం మాటే. సేజ్ ఏపుగా పెరిగిన ఇంట్లో మొగుడి మాట చెల్లదట. మా ఆవిడ నెల్ వాళ్ళ నాయనమ్మ చెప్పేదట."

"పెళ్ళాం ముందు నోరు లేవనివాడు జట్టునేం నడుపుతాడులే" అన్నాడు సైలస్. అందరూ పగలబడి నవ్వారు. రూబెన్ బీరు గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

"రేపే దాన్ని మొదలంటా నరికేస్తాను."

"ఆ పని మాత్రం చెయ్యకు. సేజ్ చచ్చిన ఇంట్లో యజమాని ఏడాది తిరక్కుండా పోతాడట. పైన పచ్చగా, మెత్తగా ఉన్న మేరే కొయ్యి. కింద బెరడు కట్టిన కొమ్మ జోలికి పోకు. ఇప్పుడు పూత అయిపోయింది, మొదలెట్టు. చలి మొదలవకముందే ఆపెయ్యి."

ఏమోస్ ఇదంతా బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పాడు.

మర్నాడే రూబెన్ మొక్క మీద పడ్డాడు. డోర్కాస్ వంటింటి కిటికీలోంచి చూసింది.

"ఏమయ్యా, అలా కోసేస్తే క్రిస్మస్ బాతులో ఉల్లిపాయతో కలిపి కూరడానికి ఆకు మిగులుతుందా?"

"నువ్వూరుకోవే. ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఊరికి తెలియాలి."

"నీ ఇష్టం. నేను చెప్తే వింటావా ఏంటి" అని ఆవిడ టీ కాచుకోవడానికి లోపలికెళ్ళింది.

తీరా చూస్తే కోసిన ప్రతిచోటా రెండేసి చిగుళ్ళు లేచాయి. మళ్ళీ కోశాడు. మళ్ళీ లేచాయి. ఆ కసిలో చుట్టూ ఉన్న కలుపంతా పీకిపారేశాడు. ఎన్నిక దగ్గరపడేకొద్దీ తిండి సహించలేదు. పదవి ఒక ఆకుకూర పాలైపోతుందేమోనని నిజంగానే భయపడ్డాడు పాపం.

ఎన్నిక రోజు జట్టంతా వచ్చి గోడ మీంచి చూసింది. వేసవిలో అడ్డదిడ్డంగా నడుము దాకా పాకిన మొక్క ఇప్పుడు గుండ్రంగా, మోకాలి ఎత్తులో కూర్చుని ఉంది.

"బాగా దట్టంగా ఉందే" అన్నాడు సైలస్.

"దట్టంగా ఉంటే ఏం? తల ఎత్తిందా?" అన్నాడు పాత నాయకుడు. "వీడు దాన్ని అణిచి కూర్చోబెట్టాడు."

చేతులు లేచాయి. రూబెన్ గెలిచాడు.

ఇంటికొచ్చి బూట్లతోనే కుర్చీలో కూలబడి, "మొగుడంటే ఏంటో ఊరందరికీ చూపించానే" అన్నాడు.

"చూపించావయ్యా, కాదన్నానా" అంది డోర్కాస్. ఆవిడ సంతోషంలో దాపరికం లేదు.

మర్నాడు ఆవిడ ఒడినిండా సేజ్ ఆకు పట్టుకుని పబ్బు పెరటి గుమ్మంలో ఏమోస్ భార్య నెల్‌ని కలిసి, "మనం నేర్పింది ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాడు మీ ఆయన, ఇక బంగాళాదుంపలు తవ్వించాలి, దానికి మీ నాయనమ్మ చేత ఏం చెప్పిద్దాం?" అంది.