తెగని కూత

"నా కూత తెగలే చెల్లె! గుక్క తిప్పుకోనే లేదు. అయినా ఈ కంప్యూటర్ ఔటంటాంది," అని ఓదెమ్మ రమీజాతో మొత్తుకుంది.

గోదావరిఖని కాలనీ ఆడవాళ్ళకూ, చంద్రుడి మీది గనుల్లో పనిచేసే ఆడవాళ్ళకూ కంప్యూటర్‌లో కబడ్డీ జరుగుతోంది. తెర మీద ఓదెమ్మ బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, గొంతు ముక్కలు ముక్కలవుతోంది. ఇంకొక్క ఔటైతే కాలనీ ఓడినట్టే. బాగుచేయడానికి వచ్చిన రమీజా మైకు మార్చింది, వైరు మార్చింది. లాభం లేకపోయింది.

"ఒక్కసారి ఊరికే కూత పెట్టక్కా, చూస్తా."

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

రమీజాకు నవ్వాగలేదు. ఇంట్లో చప్పుళ్ళను వడగట్టే ప్రోగ్రాం, ఒకే తీరుగా సాగే ఆ కూతను ఫ్యాను మోత అనుకుని నొక్కేస్తోంది. ఆ పెనుగులాటలోనే బొమ్మ కూడా తడబడుతోంది. రమీజా ఆ ప్రోగ్రాంను ఆపేసింది.

ఓదెమ్మ కూత పెడుతూ మళ్ళీ గీత దాటింది. రెండున్నర సెకన్ల తర్వాత, చంద్రుడి మీద ఏదో గదిలో మోగిన అదే గొంతు అక్కడి మైకులో పడి వెనక్కి వినిపించింది.

కూత చంద్రుడి దాకా పోయి ఇంటికి తిరిగొచ్చేసింది. ఓదెమ్మ ఇంకా ఊపిరి తీసుకోనే లేదు.