నాలుక పరువు

"ఈ మాత్ర నా నోట్లో పడితే ఒట్టు!"

డాక్టరమ్మ రాసిచ్చిన మందుల చీటీని ఆయన ఒక్క వేలితో బల్ల మీద వెనక్కి తోశాడు. బీపీ చూసే పట్టీ ఇంకా చేతికే ఉంది. పక్క కుర్చీలో భార్య పళ్ళు నూరుకుంది.

"ఇది బీటా బ్లాకరండీ. గుండె పరుగు కాస్త నెమ్మదిస్తుంది, బీపీ దిగుతుంది. రోజూ పొద్దున్నే ఒకటి. మొదలెట్టాక మాత్రం మీ అంతట మీరు ఆపేయకూడదు," అంది డాక్టరమ్మ.

"మరి నా నాలుక సంగతి?"

"నాలుకకేమవుతుంది?"

"మా సెక్షన్లో ఒకాయన ఏదో బీపీ మందు మింగాడు. నెల తిరక్కుండా ఆయనకి మంచి ఆకూ మట్టీ ఒకటే అయిపోయాయి. ఇప్పుడు గోడౌన్లో పెట్టెలకి కాపలా. గుండె ఎంత పరిగెత్తితే నాకేం? నాకు అన్నం పెట్టేది నాలుక!"

ఆయన టీ కంపెనీలో రుచి చూసే మనిషి. వరసగా కప్పులు పెడతారు. చెంచాతో సర్రున పీల్చి, నోట్లో తిప్పి, ఉమ్మేసి, ఏ తోట ఆకో, ఎన్నాళ్ళు నిలవున్నదో చెప్పేస్తాడు. ఒకసారి కప్పులు కడిగే సబ్బు మారిందని పట్టేసి పనంతా ఆపించాడు. అప్పట్నుంచీ ఆఫీసులో ఆయన పేరు నాలుక మాస్టారు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. ఇప్పుడు ప్రాణానికే ఎసరొచ్చినా ఆయనకి పేరే ముఖ్యం.

ఆయన అన్నయ్యదీ ఇదే బీపీ, ఇదే మొండితనం. ఓ పొద్దున ఆఫీసుకి బయల్దేరి, షూ లేసులు కట్టుకుంటూ అలాగే ముందుకి ఒరిగిపోయాడు, మళ్ళీ లేవలేదు. ఆ షూ విప్పింది ఈవిడే.

"బావగారిని చూశాక కూడా బుద్ధి రాలేదా మీకు?" అంది ఇంటికి రాగానే.

"వచ్చింది. అన్నయ్య షూ వేసుకునేవాడు. నేను చెప్పులే వేసుకుంటాను."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఆయన మొండి అయితే తను జగమొండి. అప్పటికప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"మాత్ర నలిపి ఇవ్వచ్చాండీ?"

"కొన్ని నలపకూడదు గానీ, ఇది నలపచ్చు. అయితే ఆయనకి చెప్పే ఇవ్వండి."

"అలాగేనండీ, చెప్తాను," అంది. చెప్పలేదు.

ఆయన ఇంట్లో టీ ముట్టడు. రోజంతా అదే గొడవ, ఇంట్లో కూడానా అంటాడు. పొద్దున్నే కాఫీ కావాలి, చిక్కగా, నాలుక మెలితిరిగేంత చేదుగా. ఆవిడకి కావలసిందీ అదే. రెండు చెంచాల మధ్య మాత్రను మెత్తగా నలిపి, గ్లాసులో వేసి కలిపేసింది.

మొదటిరోజు తలుపు చాటున నిలబడి చూసింది. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు దించాడు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత గ్లాసెత్తి గడగడా తాగేశాడు.

హమ్మయ్య అనుకుంది. వెంటనే మనసు చివుక్కుమంది. సబ్బు మారితే పసిగట్టిన నాలుక, మాత్రకి మాత్ర కలిపేస్తే పట్టలేదేమిటి?

రోజూ అదే తంతు. ఆయన అడుగు మడ్డితో సహా తాగేస్తున్నాడు. ఆవిడకి బెంగ పట్టుకుంది. వయసు వల్లో, ఈ మందు వల్లో, ఆ నాలుక పోయింది. ఆఫీసులో ఇంకా ఎవరూ కనిపెట్టినట్టు లేదు గానీ, ఎన్నాళ్ళు దాగుతుంది? అయినా ఆపలేదు. నాలుక పోతే పోనీ, మనిషి మిగలాలి అనుకుంది. ఆయన చూడకుండా కళ్ళు తుడుచుకుని మరీ నలిపేది.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళారు. డాక్టరమ్మ పట్టీ చుట్టి చూసింది. బీపీ దిగింది. నాడి నిదానంగా కొట్టుకుంటోంది.

ఆయన చొక్కా చెయ్యి దించుకుని, ఛాతీ విరుచుకుని లేచాడు.

"చూశారా? నేను మందు అడిగానా? చచ్చినా వేసుకోనన్నాను, అన్నమాట మీద నిలబడ్డాను!"

డాక్టరమ్మ ఆవిడ వంక చూసింది. ఇంకా చెప్పలేదా అన్నట్టుంది ఆ చూపు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. రోజూ వేసుకుంటూనే ఉన్నారు మహానుభావా అని ఆసుపత్రి అదిరేలా అరవాలనిపించింది. అలా అంటే ఏమవుతుంది? సొంత కాఫీలో మందు కలిపితే పోల్చుకోలేని నాలుక మాస్టారు! ఆ మాట వింటే ఆయన మళ్ళీ ఆఫీసులో చెంచా పట్టుకోలేడు.

"అవునండీ, పట్టిన పట్టు విడవరు," అని ఊరుకుంది. ప్రాణం కాపాడింది తను. పరువూ తనే కాపాడుతుంది. డాక్టరమ్మ కాదు కదా, ఎవరడిగినా సరే, ఈ జన్మకి చెప్పదు.

ఆ సాయంత్రం మందుల షాపులో ఎప్పుడూ కొనే మాత్రలు లేవు. "కంపెనీయే వేరండీ, మందు అదే," అని షాపతను ఇంకో షీటు ఇచ్చాడు. ఆవిడ డాక్టరమ్మకి ఫోన్ చేసి కనుక్కుని మరీ కొంది.

పొద్దున్నే నలిపింది, కలిపింది, ఇచ్చింది. ఆఫీసుకి ఆలస్యమవుతోందని ఆయన నిలబడే అందుకున్నాడు. సర్రున పీల్చాడు. నోట్లో ఒకసారి తిప్పాడు. మింగాడు. మిగతాది కూడా తాగేసి, ఖాళీ గ్లాసు ఆవిడ చేతిలో పెట్టాడు. చెప్పులు వేసుకుని గడప దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"మాత్ర కంపెనీ మార్చినట్టున్నావు, రేపట్నుంచి పాతదే వెయ్యి, అది కాఫీని మరీ ఇంత పాడుచేసేది కాదు."