ఎడమకు లాగే కంట్రోలర్

విజయనగరంలో తన వంటగదిలో కూర్చుని, ఎక్కడో దూరపు నగరంలో రోడ్లూడ్చే యంత్రాన్ని వీడియోగేమ్ కంట్రోలర్‌తో నడుపుతుంది హైమావతి. కంట్రోలర్ ఎడమకే లాగుతుంటే దాని మీదున్న కంపెనీ సీలు, స్క్రూలు విప్పి, దూదితో తుడిచి బాగుచేసింది. యంత్రం తిన్నగా నడిచింది.

వెంటనే సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "సీలు విప్పినట్టు ఇక్కడ స్క్రీన్ మీద కనబడుతోంది. ఎవరు విప్పమన్నారమ్మా?"

"నిన్న ఒక ముసలమ్మకి తగలబోయిందండి."

"తగిల్తే ఇన్సూరెన్సుంది. సీలు విప్పితే లేదు. నిన్ను తీసేశాం."

ఆ యంత్రాన్ని ఆమె భర్త సింహాద్రికిచ్చారు. అతని కంట్రోలరూ ఎడమకే లాగేది.

"ఇలాగియ్యి, బాగుచేస్తాను."

"చెయ్యెట్టకు! ఈ పనీ పోతే తిండెలాగ?" అని సింహాద్రి స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు.

మూడోనాడు యంత్రం ఒక మనిషి మీదికెక్కింది. సింహాద్రి కంట్రోలర్ కింద పెట్టేలోగా ఫోన్ మోగింది.

"సీలు చెక్కుచెదర్లేదు, శభాష్! రేపట్నుంచి ఇంకో యంత్రం కూడా నీదే."