ఇడ్లీ తిని వచ్చిన పాస్టరమ్మ

"అమ్మగారూ, పొద్దున ఇడ్లీ తిన్నారంట, నిజమేనా?" మైకు అక్కర్లేని గొంతుతో అడిగింది దయామణి.

అడిగింది కూడా నలుగురిలో. దర్శి రోడ్డు పక్కన తన సొంత మిరప కల్లంలో, షామియానా కింద, సంఘంలోని ఆడవాళ్ళంతా ముసుగులేసుకుని పట్టాల మీద కూర్చుని ఉండగా. కోతల రోజులు కదా అని ఆ శుక్రవారం ఉపవాస కూడిక చర్చిలో కాకుండా అక్కడే పెట్టించింది. స్త్రీల సమాజానికి ఏళ్ళ తరబడి అధ్యక్షురాలు తనే. చీరాల నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు గారి భార్య హెప్సిబా వల్ల ఆ కుర్చీ కదులుతోందని ఆవిడ భయం. ఎవరి నోట విన్నా అమ్మగారు ఇలా చెప్పారు, అమ్మగారు అలా చెప్పారు అనడమే. ఆ నోళ్ళు ఇవాళ మూయించాలి.

"తిన్నానండి. షుగరు మాత్ర వేసుకోవాలి కదా," అంది హెప్సిబా, అందులో దాచేదేముంది అన్నట్టు.

ముసుగుల కింద గుసగుసలు లేచాయి. పొద్దుటి నుంచి ఏమీ తినని దయామణికి అవి వింటుంటే కడుపు నిండిపోయింది.

ఈ అమ్మాయి తెచ్చిపెట్టిన తెగులు ఒకటా రెండా? కోతకెళ్ళేవాళ్ళని చద్దన్నమైనా తిని వెళ్ళమంటుంది. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చమంటుంది. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీలో కూర్చుని ప్రార్థించుకోమంటుంది. ఒళ్ళు దేవుడిచ్చింది, దాన్ని పాడు చేసుకోవడం భక్తి కాదంటుంది. ఏలీయా ప్రవక్త అలిసిపోయి ఇక చచ్చిపోతానంటే దేవదూత రొట్టె పెట్టి, పడుకోనిచ్చి, ఆ తర్వాతే ప్రయాణం సంగతి ఎత్తాడని బైబిలు తీసి మరీ చూపిస్తుంది. తిండికీ నిద్రకీ కూడా వాక్యం వెతికే మనిషిని దయామణి తన జన్మలో చూడలేదు.

"మీకూ షుగరుంది కదండీ. మాత్ర వేసుకున్నారా?" హెప్సిబా మెల్లగా అడిగింది.

"వేసుకున్నా, మంచినీళ్ళతో. మాత్రకి ఉపవాసం పోదు."

"తినకుండా వేసుకుంటే ప్రమాదమండీ. కాస్త ఏదన్నా తిని..."

"నా ప్రమాదం నా దేవుడు చూసుకుంటాడు. తిన్నవాళ్ళు వెనక పట్టా మీద కూర్చోండి. ముందు వరస ఉపవాసం ఉన్నవాళ్ళది."

ఆ చట్టం ఏ గ్రంథంలో ఉందో దయామణికే తెలియాలి. హెప్సిబా సంచి తీసుకుని వెనక్కి వెళ్ళింది. ఉపవాసం లేనివాళ్ళు సమాజాన్ని నడపడానికి పనికిరారని కూడిక అయ్యేలోపు అందరి చేతా అనిపించాలని దయామణి పథకం.

సాక్ష్యాలు మొదలయ్యాయి. కోశాధికారి కృపావరం లేచి, రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని చెప్పి కళ్ళొత్తుకుంది. అందరూ స్తోత్రం అన్నారు. మధ్యమధ్యలో ఒక్కొక్కరూ సంచి పట్టుకుని మిరపకాయల టిక్కీ బస్తాల వెనక్కి వెళ్ళి, ముఖం తుడుచుకుంటూ తిరిగొస్తున్నారు. ఒంటరిగా ఏడ్చి ప్రార్థించుకుంటున్నారు కాబోలని దయామణి మురిసిపోయింది. తను కూర్చిన సంఘం మరి.

చివరి ప్రార్థన తనే అందుకుంది. మిర్చి ధర గురించి, పిల్లల ఉద్యోగాల గురించి, మధ్యలో తిండికి లొంగిపోయిన కొందరి గురించి దేవుడికి విడమరిచి చెప్పింది. ఎండ నెత్తికెక్కింది. ఆరబోసిన కాయల ఘాటు ముక్కులో గుచ్చుతోంది. చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట పట్టింది. ఆత్మ తాకిందనుకుని ఇంకా గొంతు పెంచింది. ఆ తర్వాత కాళ్ళ కింద పట్టా జారినట్టయింది.

వెనక నుంచి పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకున్నది హెప్సిబాయే.

"షుగరు పడిపోయింది. తీపిది ఏదన్నా కావాలి, తొందరగా. ఎవరి దగ్గరన్నా ఉందా?"

ఎవరూ కదల్లేదు. ఊరు దూరం, దగ్గర్లో కొట్టు లేదు. ఉపవాస కూడికలో తిండెక్కడిదమ్మా అని కృపావరం నొచ్చుకుంది.

హెప్సిబా అందరి ముఖాల వైపూ ఒకసారి చూసింది. "అయితే ప్రార్థన చేద్దాం. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి. నేను చెప్పేదాకా ఎవరూ తెరవద్దు."

ఇన్నాళ్ళకి ఒక మంచిమాట చెప్పిందనుకుంది దయామణి, అంత మగతలోనూ. ఆ పైన ఏం జరిగిందో ఆవిడకు తెలియదు.

నాలిక మీద బెల్లం కరిగింది. కాసేపటికి అరటిపండు గొంతు దిగింది. చేతుల వణుకు తగ్గింది. కళ్ళు తెరిస్తే పక్కనే ఒక గుట్ట కనపడింది. కజ్జికాయలు, పల్లీ చెక్కలు, బిస్కెట్ పొట్లాలు, నలిగిన అరటిపళ్ళు, సగం కొరికిన సున్నుండ. చుట్టూ ఆడవాళ్ళంతా తలలు వంచి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు.

దయామణికి ముందు ప్రాణం వచ్చింది, వెంటనే నోరొచ్చింది.

"చూశారా ఈవిడ నిర్వాకం? పొద్దున మెక్కింది చాలక సంచిలో మిఠాయి కొట్టే మోసుకొచ్చింది. కళ్ళు తెరవండర్రా, అందరూ చూడండి."

ఒక్కరూ తెరవలేదు. కృపావరం అయితే ఇంకాస్త బిగించి, పెదాలు గబగబా కదిలించింది.

హెప్సిబా తన కొంగుతో దయామణి నుదుటి చెమట తుడిచింది.

"వాళ్ళని తెరవమనకండి, దయామణి గారూ. ఎవరి సంచిలోంచి ఏది వచ్చిందో ఒకరికొకరికి తెలియకూడదనే మూయించాను. నేను ఇంట్లోనే తినొచ్చాను, నా సంచిలో బైబిలు తప్ప ఏమీ లేదు."